చిన్న అక్వేరియంలో పాచి తినే జీవిని ఎంచుకోవడం: చంద్రపూర్, సిరోంచ ఎండలకు తగిన మార్గదర్శి

కొత్త అక్వేరియం పెట్టిన రెండు మూడు వారాలకు అద్దం మీద గోధుమరంగు పొర పేరుకుంటుంది. వేలితో రాస్తే పొడిలా రాలిపోతుంది. ఇంకొన్నాళ్లకు రాళ్ల మీద పచ్చని పాచి మొదలవుతుంది. చంద్రపూర్‌లోనైనా, బల్లార్షాలోనైనా, సిరోంచ నుంచి వంతెన దాటి వెళ్లే ఊళ్లలోనైనా దుకాణంలో ఈ సంగతి చెప్పగానే సంచిలో వేసి ఇచ్చేది దాదాపు ఒకటే: ఒళ్లంతా మచ్చలతో, నోటితో అద్దానికి అతుక్కునే రెండంగుళాల సక్కర్ చేప. అది పెరిగితే అడుగు దాటుతుంది. కొన్నవారి తొట్టి పొడవే అడుగో అడుగున్నరో ఉంటుంది.

ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు చల్లని దేశాలవారు రాసినవి. ఏడాది పొడవునా నీరు 24, 25 డిగ్రీల దగ్గర నిలుస్తుందన్న నమ్మకంతో రాసినవి. మన విదర్భ అంచున మే నెలలో బయట 45 డిగ్రీలు దాటడం మామూలు. గదిలో తొట్టి నీరు 32, 33 దాకా పోతుంది. పైగా చాలా ఇళ్లకు బోరు నీరే ఆధారం, అది బాగా కఠినంగా ఉంటుంది. అందుకని ఇక్కడ పాచి తినే జీవిని ఎంచుకునేటప్పుడు ముందు చూడవలసినవి మూడు: తొట్టి ఎన్ని లీటర్లు, నీరు ఎంత కఠినం, ఎండాకాలం మధ్యాహ్నం ఆ నీరు ఎంత వేడెక్కుతుంది. ఏ పాచి పట్టింది అన్న ప్రశ్న వాటి తర్వాతే వస్తుంది.

1. తొట్టిని లీటర్లలో కొలవండి

పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. 30×20×25 ఉన్న అడుగు తొట్టి 15 లీటర్లు. 45×25×30 ఉన్న అడుగున్నర తొట్టి సుమారు 34 లీటర్లు. 60×30×30 ఉన్న రెండడుగుల తొట్టి 54 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన వదిలే ఖాళీ తీసేస్తే అసలు నీరు ఇందులో పది నుంచి పదిహేను శాతం తక్కువ ఉంటుంది. ఈ అంకెను ఒక కాగితం మీద రాసి తొట్టికి అంటించండి. దుకాణంలో చేప నచ్చి మనసు లాగినప్పుడు గుర్తుకు రావలసింది ఇదే.

గుండ్రని గాజు గిన్నెలో, ఫిల్టర్ లేని తొట్టిలో పాచి తినే ఏ జీవినీ వేయవద్దు. పాచి తినే జీవి కూడా మలం విసర్జిస్తుంది, ప్రాణవాయువు వాడుకుంటుంది. నీటిలోని మురికి దానివల్ల తగ్గదు, కొంచెం పెరుగుతుంది. చాలామంది కొత్తవారు దాన్ని తొట్టి శుభ్రం చేసే పరికరంలా చూస్తారు, బాధ కలిగించేది అదే. దానికీ మేత కావాలి, చోటు కావాలి, మంచి నీరు కావాలి.

2. పట్టిన పాచి ఏదో గుర్తుపట్టండి

రాత్రి గదిలో దీపం ఆర్పి, ఫోను టార్చిని అద్దానికి పక్కగా పట్టి చూడండి. పగలు కనిపించని పొరలన్నీ కనిపిస్తాయి.

గోధుమరంగు పొడిపొర అయితే అవి డయాటమ్‌లు. నీటిలోనూ ఇసుకలోనూ ఉండే సిలికాతో తమ చుట్టూ గుల్ల కట్టుకునే సూక్ష్మజీవులు. కొత్త తొట్టిలో రావడం సహజం. సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలల్లో వాటంతటవే తగ్గిపోతాయి. వీటికోసం జీవిని కొనడం తొందరపాటు. స్పాంజితో తుడిచి, నీరు మారుస్తూ ఉంటే చాలు.

అద్దం మీద పలచని పచ్చ పొర, రాళ్ల మీద మెత్తని పచ్చదనం నత్తలకూ మాలీ చేపలకూ ఇష్టమైన తిండి. గట్టిగా అతుక్కున్న చిన్న చిన్న పచ్చ చుక్కలు వేరు. వాటిని గీకగలిగేది నెరైట్ నత్త ఒక్కటే, అది కూడా కొంతవరకే. పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకితే నిమిషాల్లో పోతాయి. గాజుకు ఏ హానీ ఉండదు.

వెంట్రుకల్లా పొడవుగా పెరిగే నాచును ముందు పాత టూత్‌బ్రష్‌కు చుట్టి లాగేయాలి. మిగిలిన మొదళ్లను రొయ్యలు, మాలీలు తింటాయి. ఆకుల అంచున, ఫిల్టర్ గొట్టం మీద కుచ్చుల్లా మొలిచే నల్లని నాచు మొండిది. దాన్ని నిజంగా తినే చేప సయామీస్ ఆల్గే ఈటర్. అది చిన్న తొట్టిలో పట్టదు. కాబట్టి నాచు పట్టిన ఆకులు కత్తిరించడం, రాళ్లను బయటకు తీసి రుద్దడమే దారి.

ఇంకో రెండింటిని ఏ జీవీ తినదు, వాటికి మందు కూడా వెతకనక్కర్లేదు. ముదురు నీలి పచ్చ రంగులో దుప్పటిలా పరచుకుని, ముట్టుకుంటే పొరలుగా లేచి, మట్టివాసన కొట్టేది నిజానికి బ్యాక్టీరియా. గొట్టంతో వీలైనంత లాగేసి, మూడు రోజులు తొట్టికి మందపాటి గుడ్డ కప్పి చీకటిలో ఉంచండి. ఆ మూడు రోజులూ ఎయిర్ పంపు ఆడుతూనే ఉండాలి. తర్వాత మూడో వంతు నీరు మార్చండి. నీరంతా పచ్చగా మారి చేపలు కూడా కనిపించని స్థితి వచ్చినా ఈ చీకటి పద్ధతే పనిచేస్తుంది, తరచూ నీరు మార్చడం దానికి తోడు.

3. కొనే ముందు ఒక నెల ఆగండి

పాచికి కావలసినవి వెలుతురు, నీటిలో మిగిలిపోయిన పోషకాలు. ఈ రెండింటినీ తగ్గించకుండా ఎన్ని నత్తలు వేసినా పాచే గెలుస్తుంది. కాబట్టి ముందు ఈ నెల రోజుల పని చేయండి.

దీపం రోజుకు ఆరు గంటలు వెలిగితే చాలు. తొట్టిలో నిజమైన మొక్కలు ఉంటే ఎనిమిది గంటలు. గుర్తుపెట్టుకుని ఆర్పడం ఎవరివల్లా కాదు, ఒక టైమర్ ప్లగ్ పెట్టండి. పడమటి కిటికీ ఎదురుగా తొట్టి ఉంటే జరపండి. మన ఎండలో పడమటి కిటికీ పాచినీ పెంచుతుంది, నీటినీ కాగబెడుతుంది.

మేత రోజుకు ఒక్కసారి, చేపలు ఒకటి రెండు నిమిషాల్లో పూర్తిగా తినేంత మాత్రమే వేయండి. ఇంట్లో పిల్లలు, తాతయ్య, పక్కింటివాళ్లు ఎవరికివారు చిటికెడు వేస్తుంటే అది చిటికెడు కాదు. మేత డబ్బాను ఒక్కరి చేతిలో ఉంచండి. వారానికొకసారి నాలుగో వంతు నీరు మార్చండి. నల్లా నీరు అయితే వెడల్పాటి బకెట్లో ఒక రోజు ఉంచినా, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసినా క్లోరిన్ పోతుంది. బోరు నీటికి ఆ బెడద లేదు.

వేగంగా పెరిగే మొక్కలు పాచికి దక్కవలసిన పోషకాలను ముందే లాగేసుకుంటాయి. మన నీటికి వాలిస్‌నేరియా, హార్న్‌వార్ట్ బాగా సరిపోతాయి. రెండూ కఠినజలాన్ని ఓర్చుకుంటాయి, పెద్దగా సేవ అడగవు.

తొట్టి మొదలుపెట్టి నెల కూడా కాకపోతే ఆగడానికి మరో కారణం ఉంది. చేపల మలం నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆలోగా అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపలను చంపగల స్థాయికి చేరవచ్చు. నత్తలు, రొయ్యలు, ఓటో అనే చిన్న పాచి తినే చేపలు అందరికంటే ముందు పోతాయి.

నెల తర్వాత కూడా అద్దం మీద, రాళ్ల మీద పాచి నిలకడగా కనిపిస్తుంటే అప్పుడు జీవిని కొనండి. అప్పటికి దానికి తినడానికి నిజమైన తిండి కూడా తొట్టిలో ఉంటుంది.

4. మీ నీరు ఎలాంటిదో తెలుసుకోండి

ఒక గాజు సీసాలో సగం బోరు నీరు తీసుకుని, కొద్దిగా సబ్బు వేసి కుదపండి. నురగ నిలవకుండా తెల్లని తెట్టు కడితే నీరు కఠినం. కాచిన గిన్నె అడుగున తెల్లని పొర పట్టడం కూడా అదే చెబుతుంది. టెస్ట్ స్ట్రిప్ దొరికితే పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణపు కొలత), కఠినత్వం రెండూ తెలుస్తాయి, కొనడం మంచిది.

కఠినజలం శాపమని అనుకోవద్దు. నత్తలకు గుల్ల కట్టుకోవడానికి కాల్షియం కావాలి. మాలీలకు అలాంటి నీరే ఇష్టం. ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ కొండల వైపు ఉన్న తెలుగువారి పరిస్థితి వేరు. కొండ ఊటల నీటిలో లవణాలు సాధారణంగా తక్కువ. అలాంటి నీటిలో నెరైట్ నత్త గుల్ల కొనదగ్గర తెల్లగా అరిగి, గుంటలు పడుతుంది. అక్కడివారు ఫిల్టర్‌లో చిన్న గుడ్డ సంచిలో గవ్వల పొడి గాని, పగడపు ముక్కలు గాని పెట్టాలి. మనకు ఆ అవసరం లేదు.

ఒక చవకైన థర్మామీటర్ తెచ్చి, వారం పాటు ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి నీటి వేడి రాసుకోండి. చలికాలంలో ఈ పని చేస్తున్నవారు ఆ అంకెలను నమ్మి కొనవద్దు, ఏప్రిల్ నెలాఖరు నాటి వేడి లెక్కలోకి తీసుకోండి. వేడి పెరిగే కొద్దీ నీటిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాములు కరిగితే, 30 వద్ద 7.6, 35 వద్ద 7 మాత్రమే. సరిగ్గా అదే సమయంలో వేడివల్ల చేపకు ప్రాణవాయువు అవసరం ఎక్కువవుతుంది. పారే చల్లని నీటికి అలవాటుపడ్డ జీవులు మన మే నెలలో నిలవకపోవడానికి కారణం ఇదే.

5. ఎవరి తొట్టికి ఏది

*నెరైట్ నత్త.* ఈ ప్రాంతంలో చిన్న తొట్టి ఉన్న కొత్తవారికి నా మొదటి సలహా ఇదే, రెండో ఆలోచన లేదు. పరిమాణం రెండు, రెండున్నర సెంటీమీటర్లు. కఠినజలం, ఏడు దాటిన పీహెచ్ దీనికి కావలసినవి, రెండూ మన బోరులోనే ఉన్నాయి. ఉప్పు లేని మంచినీటిలో దీని గుడ్లు పొదగవు, కాబట్టి ఒకటి తెస్తే వంద అయ్యే భయం లేదు. 15 లీటర్ల తొట్టికి ఒకటి, 34 లీటర్లకు రెండు, 54 లీటర్లకు మూడు చాలు. అంతకు మించితే తిండి సరిపోక నెమ్మదిగా చనిపోతాయి.

అది తిన్న దారిని ఒకసారి దగ్గరగా చూడండి. పచ్చ పొర పట్టిన అద్దం మీద నత్త పోయిన చోట వంకర టింకరగా, ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు సన్నని గీతలు ఉంటాయి. దాని నాలుక మీద వరుసలు వరుసలుగా పళ్లు ఉంటాయి, ఒక్కో గీత ఆ నాలుక ఒకసారి గీకిన గుర్తు. అద్దానికి ఇటువైపు నుంచి చూస్తే నోరు తెరుచుకుని మూసుకోవడం కూడా కనిపిస్తుంది. పిల్లలకు చూపించండి, గంటసేపు కదలరు.

ఇబ్బందులు రెండు. ఆడ నత్త రాళ్ల మీద, చెక్క మీద నువ్వుగింజల్లాంటి తెల్లని గుడ్లు అతికిస్తుంది. పొదగవు గాని ఊడవు కూడా. ఆ మచ్చలు చూడలేనివారు ఒక్క నత్తతోనే సరిపెట్టుకోవాలి. రెండోది, వెల్లకిలా పడితే కొన్ని తిరిగి లేవలేవు. రోజూ ఒకసారి చూసి, పడి ఉంటే బోర్లా తిప్పండి. మూత లేకపోతే పైకి పాకి బయట పడుతుంది, వల మూత పెట్టండి.

*మాలీ చేప.* రెండడుగుల తొట్టి ఉన్నవారికి ఇది మంచి ఎంపిక, దొరకని ఊరు లేదు. దీన్ని పాచి తినే చేపగా ఎవరూ అమ్మరు, అందుకే దీని విలువ చాలామందికి తెలియదు. మేత తగ్గిస్తే రోజంతా రాళ్లను, ఆకులను, ఫిల్టర్ గొట్టాన్ని పొడుస్తూ మెత్తని పాచినీ వెంట్రుకల నాచునూ తింటుంది. కడుపు నిండా మేత వేస్తే ఆ పని మానేస్తుంది. కఠినజలంలో ఆరోగ్యంగా ఉంటుంది, 30 డిగ్రీల వేడిని కూడా ఓర్చుకుంటుంది. మామూలు నల్ల మాలీ ఏడెనిమిది సెంటీమీటర్లు పెరుగుతుంది. పెద్ద రెక్క ఉన్న సెయిల్‌ఫిన్ రకం ఇంకా పెద్దది, దాన్ని వదిలేయండి.

సమస్య సంతానం. ఆడ మాలీ సుమారు నెలకోసారి పిల్లలను ఈనుతుంది. ఒకసారి జతకట్టాక మగది లేకపోయినా నెలల పాటు ఈనుతూ ఉంటుంది. కాబట్టి అన్నీ మగవాటినే, మూడింటిని తీసుకోండి. కడుపు కింది రెక్క విసనకర్రలా విప్పారి ఉంటే ఆడది, పుల్లలా సన్నగా వెనక్కి ముడుచుకుని ఉంటే మగది.

*చెర్రీ రొయ్యలు.* మూడు సెంటీమీటర్లకు మించవు, 15 లీటర్ల తొట్టిలో కూడా అయిదారు హాయిగా బతుకుతాయి. మెత్తని పాచి, మిగిలిన మేత, చనిపోయిన ఆకు ఏరుకుని తింటాయి. పాచిని తుడిచిపెట్టే శక్తి వీటికి లేదు, ఉన్న శుభ్రతను నిలబెడతాయి. 28 డిగ్రీల వరకు బాగుంటాయి, 30 దాటితే చావులు మొదలవుతాయి. వేసవిలో నీటిని చల్లబరచగలిగినవారే కొనాలి. నోట్లో పట్టే దేన్నైనా మింగే ఏంజెల్, గోల్డ్‌ఫిష్ ఉన్న తొట్టిలో వేస్తే అవి వాటికి మేతే.

రొయ్యలకూ నత్తలకూ రాగి విషం. రాగి బిందెలో నిలవ ఉంచిన నీటిని తొట్టిలో పోయవద్దు. చేపల జబ్బుల మందుల్లో కొన్నింటిలో రాగి ఉంటుంది, సీసా మీద చదివి కొనండి. పత్తి, మిరప చేలలో మందు కొట్టి వచ్చిన చేతులను సబ్బుతో కడిగినా సరే ఆ రోజు తొట్టిలో పెట్టకండి. పురుగుమందుల్లో చాలావాటికి రొయ్య, పురుగు ఒకటే. దోమల స్ప్రే కూడా ఇదే కోవలోది. ఆ గదిలో కొట్టవద్దు.

*అమానో రొయ్య.* జపాన్‌కు చెందిన ఛాయాచిత్రకారుడు, అక్వేరియం రూపకర్త తకాషి అమానో వీటిని ప్రపంచానికి పరిచయం చేశారు. వెంట్రుకల నాచును తినడంలో రొయ్యల్లో దీన్ని మించింది లేదు. అయిదు సెంటీమీటర్లు పెరుగుతుంది, మూడింటిని 34 లీటర్ల తొట్టిలో ఉంచవచ్చు. కాని 26, 27 డిగ్రీల లోపు నీరే దీనికి సుఖం. మన ఊళ్లలో ఏసీ గదిలో తొట్టి ఉన్నవారికి తప్ప చెప్పను.

*ఓటో చేప.* ఓటోసిన్‌క్లస్ అసలు పేరు. నాలుగైదు సెంటీమీటర్ల ముద్దొచ్చే చేప, గోధుమ పాచిని ఆకు ఆకునా నాకి తీసేస్తుంది. అయినా కొత్తవారు కొనవద్దని గట్టిగా చెబుతున్నాను. ఎక్కువ భాగం దక్షిణ అమెరికా నదుల్లో పట్టి తెచ్చినవే. దారిలో వారాల తరబడి తిండి లేక, దుకాణానికి వచ్చేసరికి సగం ప్రాణంతో ఉంటాయి. కనీసం ఆరు నెలలు నిలకడగా నడిచిన తొట్టి, నాలుగుకు తగ్గని గుంపు, 26 డిగ్రీలు దాటని నీరు వాటికి కావాలి. ఈ మూడూ మొదటి ఏడాదిలో మనకు కుదరడం కష్టం.

ముఖం మీద మీసాల్లాంటి కొమ్మలు ఉండే బ్రిసిల్‌నోస్ పది నుంచి పదమూడు సెంటీమీటర్లు పెరుగుతుంది, 80 లీటర్లు దాటిన తొట్టికి బాగుంటుంది. సయామీస్ ఆల్గే ఈటర్ పదిహేను సెంటీమీటర్ల వరకు పోతుంది, దానికి వంద లీటర్లు పైబడి కావాలి. మూడడుగుల తొట్టి పెట్టిన రోజున వాటి గురించి ఆలోచించండి.

6. ఎంత చవకగా ఇచ్చినా కొనకూడనివి

మొదటిది మామూలు సక్కర్, ప్లెకో అని కూడా అంటారు. చిన్నప్పుడు నిజంగానే పాచి తింటుంది. పెరిగే కొద్దీ పాచి మీద ఆసక్తి తగ్గుతుంది, మలం విపరీతంగా పెరుగుతుంది. 30 నుంచి 45 సెంటీమీటర్లు పెరిగే చేప అది, పదేళ్లకు పైగా బతుకుతుంది. గోల్డ్‌ఫిష్‌లాంటి నెమ్మది చేపల ఒంటి మీది జిగురు పొరను రాత్రిపూట పీల్చడం కూడా మొదలుపెడుతుంది. తెల్లారేసరికి గోల్డ్‌ఫిష్ పక్కన పొలుసులు లేచిన తెల్లమచ్చ కనిపిస్తే అనుమానించవలసింది దాన్నే.

తొట్టిలో పట్టనంత పెరిగాక చాలామంది చేసే పని చెరువులోనో వాగులోనో వదలడం. దయచేసి ఎప్పుడూ అలా చేయవద్దు. ఆంధ్ర, తెలంగాణ జలాల్లో మత్స్యకారులు దెయ్యం చేప అని పిలిచేది ఈ జాతినే. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేపకు ఇక్కడ శత్రువులు తక్కువ. ముళ్ల రెక్కలు, గట్టి పలకల ఒళ్లు వలలను చింపేస్తాయి. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. మనవాళ్ల చేపల గుడ్లనూ, అవి తినే తిండినీ తినేస్తుంది. వర్ధా నీరు ప్రాణహితలోకి, ప్రాణహిత నీరు సిరోంచ దగ్గర గోదావరిలోకి పోతుంది. చంద్రపూర్‌లో వాగులో వదిలినది ఎక్కడో దిగువన వల వేసుకుని బతికేవాడి కడుపు కొడుతుంది. ఇప్పటికే మీ దగ్గర పెద్ద సక్కర్ ఉంటే పెద్ద తొట్టి ఉన్నవారికి గాని, కొన్న దుకాణానికే గాని తిరిగి ఇవ్వండి. చాలా దుకాణాలు డబ్బు ఇవ్వకపోయినా చేపను తీసుకుంటాయి.

రెండోది బంగారు రంగులో మెరుస్తూ సక్కర్ పేరుతోనే అమ్మే చైనీస్ ఆల్గే ఈటర్. థాయిలాండ్, కంబోడియా, లావోస్ నదుల చేప. పాతిక సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఎదిగాక తోటి చేపలను తరిమి తరిమి వాటి ఒంటికి అతుక్కుంటుంది. చిన్న తొట్టిలో ఒక్కటి ఉన్నా మిగతావాటికి నిద్ర ఉండదు.

7. దుకాణంలో, దారిలో, ఇంట్లో

కొనడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. వేసవిలో నాగపూర్ నుంచి గాని, హైదరాబాద్ నుంచి గాని రైల్లో తెచ్చే సంచి నీరు బల్లార్షా చేరేలోపు కాగిపోతుంది. తప్పనిసరైతే థర్మోకోల్ పెట్టెలో పెట్టి, రాత్రి బండికి రండి.

దుకాణదారుతో మరాఠీలో మాట్లాడినా హిందీలో మాట్లాడినా అడగవలసినవి ఇవి: వచ్చి ఎన్నాళ్లైంది, ఏం తింటోంది, ఎంత పెరుగుతుంది. నిన్ననే వచ్చినవాటిని వారం తర్వాత తీసుకుంటానని చెప్పండి. ఆ వారంలో బలహీనమైనవి అక్కడే తేలిపోతాయి. నత్త అయితే అద్దానికి గట్టిగా పట్టుకుని ఉన్నదాన్ని ఎంచుకోండి. గుల్ల మూత బిగించుకుని అడుగున పడి ఉన్నది, తీస్తే కుళ్లు వాసన కొట్టేది వద్దు. మాలీ అయితే రెక్కలు దగ్గరికి ముడుచుకుని ఒకేచోట ఊగుతూ ఉంటే జబ్బు చేసినట్టే, ఆ తొట్టిలోని దేన్నీ కొనకండి.

ఇంటికి వచ్చాక దీపం ఆర్పి, సంచిని మూత విప్పకుండా తొట్టి నీటిపై ఇరవై నిమిషాలు తేలనివ్వండి. తర్వాత ఆ నీటితో సహా ఒక చిన్న డబ్బాలోకి మార్చి, తొట్టి నుంచి సన్నని గొట్టం ద్వారా చుక్కలు చుక్కలుగా నీరు పడేటట్టు చేయండి. గొట్టానికి ముడి వేస్తే వేగం తగ్గుతుంది. చేపలకు అరగంట, నత్తలకూ రొయ్యలకూ గంటన్నర. మన కఠినజలానికి, దుకాణం నీటికి తేడా ఎక్కువ, ఈ పనిలో తొందర పనికిరాదు. ఆఖరున జీవిని మాత్రమే వలతో తొట్టిలోకి వేసి, డబ్బాలోని నీరు పారబోయండి.

మొదటి రెండు రోజులు నత్త కదలకపోతే కంగారు పడవద్దు. మూడో రోజుకూ అక్కడే ఉంటే తీసి వాసన చూడండి. చచ్చిన నత్త చిన్న తొట్టి నీటిని ఒక్క రాత్రిలో పాడుచేయగలదు.

8. ఏప్రిల్ నుంచి జూన్ దాకా

మన గాలి వేసవిలో బాగా పొడిగా ఉంటుంది, అది ఈ విషయంలో మనకు మేలు. తొట్టి మూత తీసి వల కప్పి, ఒక చిన్న ఫ్యాను గాలి నీటి మీదుగా అడ్డంగా వీచేలా పెడితే నీరు ఆవిరవుతూ రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లబడుతుంది. కూలర్ ఉన్న గదిలో తొట్టి పెట్టవచ్చు గాని, కూలర్ తేమను పెంచుతుంది కాబట్టి అక్కడ ఫ్యాను ప్రభావం తగ్గుతుంది. రెండింటిలో ఏది మీ ఇంట్లో ఎక్కువ పనిచేస్తుందో థర్మామీటరే చెబుతుంది.

ఇలా ఆవిరైన నీటి స్థానంలో మళ్లీ బోరు నీరు పోస్తే లవణాలు రోజురోజుకూ చిక్కబడతాయి. ఆవిరైనది నీరు మాత్రమే, లవణాలన్నీ తొట్టిలోనే మిగిలిపోతాయి. రోజువారీ తరుగును ఆర్వో నీటితో భర్తీ చేయండి. వారానికోసారి మార్చే నీటికి మాత్రం మామూలు బోరు నీరే వాడండి.

మంచు ముక్కలు నేరుగా వేయవద్దు. సీసాలో నీరు గడ్డకట్టించి, మూత బిగించి తేలనిస్తే నెమ్మదిగా చల్లబడుతుంది. వేడి ఒక్కసారిగా మూడు నాలుగు డిగ్రీలు పడిపోవడం వేడి కంటే ప్రమాదం. కరెంటు పోయే ఊళ్లలో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి తప్పనిసరి. రాత్రిపూట మొక్కలు, పాచి కూడా ప్రాణవాయువును వాడుకుంటాయి. అందుకే తెల్లవారుజామున నత్తలు నీటిమట్టం దాటి పైకి పాకడం, చేపలు పైకి వచ్చి నోరు తెరవడం కనిపిస్తుంది. అలా కనిపిస్తే వెంటనే గాలి పెంచి, మేత ఆ పూటకు ఆపేయండి.

9. పాచి అయిపోయాక ఏం పెట్టాలి

బాగా పనిచేసే నత్త రెండు మూడు నెలల్లో తొట్టిలోని తిండిని ఖాళీ చేస్తుంది. చాలా నత్తలు ఆకలితో చనిపోయేది ఆ తర్వాతే, చూసేవాళ్లకు తొట్టి మెరుస్తూ ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. వారానికి రెండు సార్లు సొరకాయ గాని, బీరకాయ గాని, కీరదోస గాని చెక్కు తీసి, వేలెడంత ముక్క కోసి, రెండు నిమిషాలు వేడినీటిలో ఉడికించి, చల్లార్చి వేయండి. ముక్కకు ఒక స్టీలు ఫోర్కు గుచ్చితే అడుగున నిలుస్తుంది. రాత్రి వేసి ఉదయం తీసేయాలి, మిగిలింది నీటిని చెడగొడుతుంది. సంత కూరగాయల మీద పురుగుమందు ఉంటుంది. చెక్కు తీయకుండా, కడగకుండా వేయవద్దు. పెరట్లో పాదు ఉంటే అదే మేలు.

ఇంకా మంచి పద్ధతి ఒకటి ఉంది. తొట్టి నుంచి తీసిన పాత నీటిని ఒక గాజు సీసాలో పోసి, అందులో నున్నని గులకరాళ్లు అయిదారు వేసి, ఎండ తగిలే కిటికీలో పెట్టండి. మన ఎండకు వారం పది రోజుల్లో రాళ్లకు పచ్చని పాచి పడుతుంది. రెండు రాళ్లు తొట్టిలో వేసి, నత్తలు శుభ్రం చేసిన రెండు రాళ్లు తిరిగి సీసాలోకి మార్చండి. ఎండలో ఉన్న రాయి వేడిగా ఉంటుంది, గది వేడికి వచ్చేదాకా నీడలో ఉంచి వేయండి. సీసా మూతికి దోమలు గుడ్లు పెట్టకుండా పలచని గుడ్డ కట్టండి, నీరు నెలకొకసారి మార్చండి.